సొంతానికా, కిరాయికా

నాందేడ్‌లో కారు ఇన్సూరెన్స్ గురించి మాట్లాడేవాళ్లకు రెండే పార్టీలు తెలుసు. తమ బండికి దెబ్బ తగిలితే తమకు డబ్బు వచ్చే పాలసీని ఫస్ట్ పార్టీ అంటారు. తమ బండి తగిలి ఎదుటివాడికి దెబ్బ తగిలితే వాడికి వచ్చేది థర్డ్ పార్టీ. మోటారు కౌంటర్‌లో కూర్చున్నన్నాళ్లూ నేను ఈ మాటలు విన్నాను, నేనూ అన్నాను. మధ్యలో రెండోవాడు ఏమైపోయాడని అడిగినవాడు మాత్రం ఒక్కడే. దెగ్లూర్ తాలూకా మర్ఖేల్ నుంచి వచ్చిన భూమన్న.

"ఫస్ట్ పార్టీ అంటే నేను. థర్డ్ పార్టీ అంటే రోడ్డు మీద ఎవడో. మరి సెకండ్ పార్టీ ఎవడు అక్కా?"

"మేమే," అన్నాను.

"అంటే మీరు మధ్యల ఉంటరా?"

"మధ్యలనే ఉంటం."

అతను కౌంటర్‌నీ, పైన తిరుగుతున్న ఫ్యాన్‌నీ, నన్నూ ఒకసారి చూశాడు. "మంచిది. ఎవలో ఒకరు మధ్యల ఉండాలె," అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు, రిటైరయ్యారు కదా, మీ అనుభవాలు రాయండి మేడం అన్నారు. నా ప్రమోషన్లూ బదిలీలూ ఎవరికీ పనికిరావు, వాటిలో సగం నాకే గుర్తు లేవు. అందుకని భూమన్న బండి సంగతి చెబుతాను. ప్రీమియం అంటే ఏమిటో, ఒకరికి తక్కువా ఒకరికి ఎక్కువా ఎందుకో నాకు అతని వల్లే పూర్తిగా అర్థమైంది. అప్పటికి ఆ పని చేస్తూ నా జుట్టు నెరిసిపోయింది కూడా.

ముందు నా గురించి ఒక్క ముక్క. మా నాన్న రైల్వేలో గార్డు. నిజామాబాద్ వైపు నుంచి బదిలీ మీద వచ్చి నాందేడ్‌లోనే ఉండిపోయాడు. ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ, బజారులో హిందీ, ఇలా పెరిగాను. ఆఫీసులో అందరికీ తాయిని, అంటే మరాఠీలో అక్కను. సరిహద్దు ఊళ్ల తెలుగువాళ్లకు తెలుగులోనే అక్కను. వాళ్లు నేరుగా నా బల్ల దగ్గరికే వచ్చేవారు. ఇంట్లో మాట్లాడే భాషలో అడిగితే కోపం కూడా హాయిగా పడొచ్చు కదా.

బావ పాలసీ

భూమన్న ఆ రోజు కోపం పడడానికే వచ్చాడు. చేతిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి అతని కొత్త కారు పాలసీ. రెండోది హైదరాబాద్‌లో ఉండే వాళ్ల బావది. కారు ఒకటే రకం, ఇంజన్ ఒకటే. బావ కట్టింది తక్కువ, ఇతను కట్టింది ఎక్కువ.

"పట్నంల గంత ట్రాఫిక్ ఉంటది. గల్లీ గల్లీల గుద్దుకుంటరు. మా మర్ఖేల్ల ఏముంటయ్, ఎడ్లు, బర్లు. ఆయనకు తక్కువ, నాకు ఎక్కువనా? ఇదేం ఇన్సాఫ్?"

కొత్తగా చేరే పిల్లలకు మొదటి మాట: ఈ ప్రశ్న అడిగినవాణ్ని విసుక్కోకండి. అడిగే హక్కు అతనికి ఉంది, చెప్పే బాధ్యత మీకు ఉంది. కంప్యూటర్ అంతే చూపిస్తోంది అని చెప్పేవాడు ఆ కుర్చీలో కూర్చోవడం అనవసరం.

కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టి వేలితో చూపిస్తూ చెప్పాను. ఇందులో రెండు ధరలు కలిసి ఉన్నాయి. ఒకటి థర్డ్ పార్టీది. దాన్ని కంపెనీ నిర్ణయించదు, ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ఇంజన్ ఎంత పెద్దదో చూస్తుంది, అంతే. మీరు మంచివారా చెడ్డవారా, పట్నమా పల్లెనా అని చూడదు. అందుకే మీ ఇద్దరికీ అది సమానమే. రెండోది సొంత బండికి. ఇందులోనే తేడాలన్నీ. బండి రిజిస్టరైన చోటు లెక్కలోకి వస్తుంది, హైదరాబాద్ లాంటి పెద్ద నగరాల బండికి మూలధర కాస్త ఎక్కువ.

"మరి ఆయనకు ఎక్కువ రావాలె గదా!"

"రావాలె. కానీ ఆయన బండి పాతది, దాని విలువ పడిపోయింది. మీది కొత్తది. పోయేది ఎక్కువుంటే కట్టేది ఎక్కువుంటది. ఇంకోటి, మీ బావ ఏండ్ల నుంచి ఒక్క క్లెయిమ్ చెయ్యలే. దానికి బోనస్ ఉంది."

అతని కోపం తగ్గింది. కానీ కాగితం వదల్లేదు. థర్డ్ పార్టీ వరస మీదే వేలు పెట్టి అడిగాడు.

"ఈ థర్డ్ పార్టీవాడు ఎవడో మీకు తెల్వదు, నాకు తెల్వదు. వాడు ఇంకా నా ముందలికి రానే రాలే. వాని కోసం నేను ఇయ్యాలనే పైసలు కడుతున్నా?"

"అవును."

"వాడు కూడ నా కోసం కడుతడా?"

"వానికి బండి ఉంటే కడుతడు. కట్టకపోతే రోడ్డు మీదికి రానియ్యరు."

భూమన్న కాగితం మీంచి వేలు తీశాడు. తర్వాత నెమ్మదిగా, "గిది మస్తు పెద్ద ముచ్చటనే అక్కా," అన్నాడు.

నేను ఆ రోజు ఇంటికి వెళుతూ ఆ మాటే తలచుకున్నాను. ఎన్నో ఏళ్లుగా నేను థర్డ్ పార్టీ అనే మాటను రబ్బరు స్టాంపులా వాడాను. అందులో ముక్కూ మొహం తెలియని మనిషి కోసం ఊరంతా ముందే కట్టి ఉంచే డబ్బు ఉందని ఎప్పుడూ ఆగి చూడలేదు. స్టేషన్ రోడ్డు మీద ఎదురుగా వస్తున్న ప్రతి బండీ నా కోసం ఏదో కట్టి ఉందనిపించింది.

పాలసీ సరిచూసేటప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా అడగాలి. నేనూ అడిగాను.

"సొంతానికా, కిరాయికా?"

"సొంతానికే. నా బిడ్డ కాలేజ్‌కు."

కిరాయి బండికి రేటు వేరు. రోజంతా రోడ్డు మీద ఉంటుంది, తెలియని మనుషుల్ని ఎక్కించుకుంటుంది, కాబట్టి ఎక్కువ. సొంత బండి అని తక్కువ రేటు కట్టి కిరాయికి తిప్పితే, ప్రమాదం జరిగిన రోజు కంపెనీ కాదనవచ్చు. ఇది చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. భూమన్నకు నేను ముందే చెప్పాను. అతను నవ్వి, "మా ఇంట్ల కిరాయి ముచ్చటే లేదు," అన్నాడు.

కూతురి పేరు రేణుక. చిన్నప్పుడే జ్వరం వచ్చి నడుము కింద చచ్చుబడింది. వీల్‌చైర్‌తో బస్సు ఎక్కడం కుదరదు. మర్ఖేల్ నుంచి దెగ్లూర్ కాలేజీకి రోజూ తండ్రే దించి, మళ్లీ తీసుకొస్తాడు. ఆ అమ్మాయి చదువుకోవాలంటే ఆ కారు ఉండాలి. అందుకోసమే కొన్నాడు.

దీపావళి బోనస్

ఏడాది తిరిగింది. దీపావళి ముందు భూమన్న మళ్లీ వచ్చాడు. ఈసారి మెళ్లో కొత్త ఉపర్ణె కండువా, మొహం నిండా నవ్వు.

"బోనస్ ఇస్తరంట గదా అక్కా. ఏ బల్ల దగ్గర ఇస్తరు?"

మా క్లర్కులు నవ్వాపుకోలేకపోయారు. నేను మాత్రం నవ్వలేదు, ఎందుకంటే ఆ ఆఫీసులో ఆ మాటను తప్పుగా పెట్టింది మేమే. ఊళ్లో బోనస్ అంటే చక్కెర కార్ఖానా వాళ్లు పండక్కి ఇచ్చేది. చేతికి రావాలి. మేము బోనస్ అని పేరు పెట్టి, వచ్చే ఏడు కట్టేదాంట్లో తగ్గిస్తాం. క్లెయిమ్ లేకుండా మొదటి ఏడు గడిస్తే ఇరవై శాతం, అలా పెరుగుతూ చివరికి సగం దాకా.

అతనికి చెబితే మొదట నిరాశపడ్డాడు. తర్వాత నేను ఇంకో సంగతి చెప్పాను. ఈ బోనస్ కారుది కాదు, మనిషిది. కారు అమ్మేసినా కొన్నవాడికి పోదు. మీరు ఇంకో కారు కొంటే మీతోపాటే వస్తుంది.

"అంటే నేను మంచిగ నడిపింది నా పేరు మీదనే ఉంటదా?"

"మీ పేరు మీదనే."

"బండి తుప్పు పట్టినా?"

"బండి తుప్పు పట్టినా."

అతను తల పంకించాడు. "ఇది పండుగ బోనస్ కంటె మంచిగున్నది," అని లేచాడు. గడప దాటేముందు తిరిగి చూసి, "మా బావకు జెప్త, ఆయనకు ఇది తెల్వదు," అన్నాడు.

ఇప్పుడు కొత్త పద్ధతులు వస్తున్నాయి. ఎంత నడిపితే అంత, ఎలా నడిపితే అలా ధర అంటున్నారు. సెల్‌ఫోన్ చూసి బ్రేకులు ఎంత గట్టిగా వేశావో లెక్క వేస్తారట. మంచిదే. కానీ ఒక మాట గుర్తుంచుకోండి. రేటు అనేది ఒక మనిషి మీద తీర్పు కాదు. అతనిలాంటి బండి, అతనిలాంటి దారి ఉన్న వేలమందికి ఏం జరిగిందో, దాని నీడ. మీ ముందు కూర్చున్న మనిషి ఆ నీడ కంటే ఎప్పుడూ పెద్దగానే ఉంటాడు.

భాడం దిలం కా

ఆ తర్వాతి వేసవిలో భూమన్న మాహూర్ బయలుదేరాడు. అక్కడి కొండ మీద వెలసిన రేణుకాదేవి పేరు పెట్టుకున్న కూతురికి మొక్కు ఉంది. కారులో నలుగురికి చోటుంది కదా అని ఊళ్లోవాళ్లు ముగ్గురు కలిశారు. పక్కింటి ముసలమ్మ సాయవ్వ, ఎదురింటి పోశెట్టి, అతని భార్య. నాలుగో సీటులో రేణుక. మాహూర్ కొండ ఎక్కుతుండగా మలుపులో నడిచి వెళ్తున్న భక్తుల గుంపు ఎదురైంది. వాళ్లను తప్పించబోయి భూమన్న కారును గోడకు కొట్టాడు. నడిచేవాళ్లలో ఎవరికీ గీత కూడా పడలేదు. సాయవ్వకు చెయ్యి విరిగింది. కారు ముందు భాగం నుజ్జయింది. దాన్ని కిన్వట్ పక్కన గోకుందలో ఒక గ్యారేజీకి లాగించారు.

క్లెయిమ్ నా బల్ల మీదికి వచ్చింది. కారు నిండా మనుషులు, పుణ్యక్షేత్రం, ఘాట్ రోడ్డు. ఇలాంటివి చూడగానే కిరాయి బండేమో అనే అనుమానం వస్తుంది, రావాలి కూడా. మాకు మేనేజరు జోషి సాహెబ్. ఆయన ఒక ఇన్వెస్టిగేటర్‌ను పంపాడు. ఆ వచ్చినవాడు పర్భణీ మనిషి, మర్యాదస్తుడే. మర్ఖేల్ వెళ్లి ముగ్గురినీ మరాఠీలో ఒకటే ప్రశ్న అడిగాడు. భాడం దిలం కా, కిరాయి ఇచ్చారా అని.

పోశెట్టి, అతని భార్య లేదన్నారు. ఒక్క రూపాయి కూడా ఇవ్వలేదన్నారు. ఊళ్లో ఒక ఏజెంటు వాళ్లకు అలా చెప్పమని నేర్పి పెట్టాడు. సాయవ్వ మాత్రం, "హో, దిలం. అందరం ఇచ్చినం," అంది.

ఇంకేముంది. ఒకరు ఇచ్చామన్నారు, ఇద్దరు లేదన్నారు. దాస్తున్నారంటే ఏదో ఉందనే అర్థం. జోషి సాహెబ్ కాగితం చదివి నా వైపు జరిపాడు.

"కాదని రాయండి తాయి. కిరాయి."

ఏజెంట్ల గురించి నా అభిప్రాయం దాచుకోను. మంచివాళ్లు ఉన్నారు, వాళ్ల వల్లే పల్లెల్లోకి ఇన్సూరెన్స్ వెళ్లింది. కానీ క్లెయిమ్ రాగానే మనుషులకు అబద్ధం నేర్పేవాడు వాళ్లకు సాయం చేయడం లేదు. ఆ అబద్ధం లేకపోతే ఆ కేసు అంత నల్లగా కనిపించేదే కాదు.

భూమన్నను పిలిపించాను. అతనితో సాయవ్వ కూడా వచ్చింది, చెయ్యి కట్టు మార్పించుకోవడానికి నాందేడ్ పెద్దాసుపత్రికి వచ్చిందట. కొంగు కప్పుకుని, కట్టు ఉన్న చేతిని ఇంకో చేత్తో పట్టుకుని నా ఎదురుగా కూర్చుంది.

"సాయవ్వా, పైసలు ఇచ్చినవా?"

"ఇచ్చిన బిడ్డా."

"ఎందుకిచ్చినవ్?"

నేను ఏదో తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు చూసింది. "అమ్మ తాన్కి పోతున్నం గదా. ఇంకొకరి బండి మీద ఊరికె ఎక్కిపోతే మొక్కు నాదెట్లయితది? పుణ్యమంత బండోనికే పోతది. అందుకని ముడుపు కట్టి ఆయన చేతిల పెడ్తం. గుడ్డల, పసుపు రాసి. ఆయన అది విప్పడు. అమ్మ ముందల పెట్టుకుని నడుపుతడు. గుట్ట ఎక్కినంక హుండీల ఏస్తడు. మా మొక్కు మాది, ఆయన మొక్కు ఆయనది."

"ఈ మాట ఆ సారుకు చెప్పలేదా?"

"ఆయన అడగలే. పైసలిచ్చినవా అన్నడు. ఇచ్చిన అన్న."

నేను భూమన్న వైపు చూశాను. కారు ఘాట్‌లో దెబ్బతిన్న రోజు నుంచీ రేణుక కాలేజీకి వెళ్లలేదు. ఆఖరి సంవత్సరం పరీక్షలు దగ్గరికొస్తున్నాయి. క్లెయిమ్ రాకపోతే ఆ కారు లేవదు, ఇంకో కారు కొనే తాహతు అతనికి లేదు. ఈ ముసలమ్మ ఒక్క మాట "లేదు" అంటే సరిపోయేది.

"ఏజెంటు మీకు కూడా చెప్పిండా, ఈమెతోటి లేదనిపియ్యమని?"

"చెప్పిండు అక్కా."

"మరి అడగలేదా?"

"ఎట్ల అడగాలె?" అన్నాడు భూమన్న. "ముడుపు ఇయ్యలేదని నోటితోని అంటే ఆమె మొక్కు పోతది. నా బండి కోసం ఆమె మొక్కు పోగొట్టాల్నా?"

సాయవ్వ అతని వైపు తిరిగి చిన్నగా, "వాడు ఒక్కసారి కూడ అడగలే బిడ్డా," అంది. ఎన్నో క్లెయిమ్‌లు చూశాను, కారు అద్దం కోసం కన్నతల్లి పేరు మీద ఒట్టు పెట్టినవాళ్లను చూశాను. ఇక్కడ ఒక తండ్రి, కూతురి చదువు కళ్లముందు పోతుంటే, పక్కింటి ముసలమ్మ నోటి మాటను ముట్టుకోవడానికి భయపడుతున్నాడు. అది నాకు అప్పుడూ వింతే, ఇప్పుడూ వింతే.

"ముడుపులు ఇప్పుడెక్కడున్నయ్?" అని అడిగాను.

"బండిలనే. అమ్మ కోసం బయలెల్లినయి, ఎనుకకు తేవొద్దు."

గోకుందలో

జోషి సాహెబ్ గురించి మీకు చెప్పాలి. కఠినమైన మనిషి. నవ్వగా నేను చూసింది తక్కువ. కానీ ఆయనకు ఒక నియమం ఉండేది, కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ చెప్పేవాడు. ఇవ్వాలంటే కాగితం చూసి ఇవ్వండి, కాదనాలంటే మాత్రం వెళ్లి కళ్లతో చూసి కాదనండి అని. నేను ఆ మాటే ఆయనకు తిరిగి అప్పజెప్పాను.

"సాహెబ్, మీరు బండి చూడలేదు."

ఆయన చిరాకు పడ్డాడు. తన మాట తానే ఎలా దాటుతాడు? మర్నాడు పొద్దున్నే నన్నూ భూమన్ననూ వెంటబెట్టుకుని జీపు ఎక్కాడు.

గోకుంద గ్యారేజీలో కారు ఒక మూలన ఉంది. కుడివైపు ముందు భాగం లోపలికి ముడుచుకుపోయింది. ఎడమవైపు డ్యాష్‌బోర్డు చెక్కుచెదరలేదు. దాని మీద రేణుకాదేవి చిన్న ఇత్తడి ముఖం, ముందు పసుపు గుడ్డ ముడుపులు, వాటి మీద దుమ్ము. దుమ్ము దులపడానికి కూడా ఎవరూ వాటిని ముట్టుకోలేదు. మిస్త్రీ ముందే చెప్పాడు, అమ్మవారివి సాహెబ్, మేము జోలికి పోలేదు అని.

జోషి సాహెబ్ వంగి చూశాడు. నేను సాయవ్వ చెప్పిందంతా దారిలోనే మరాఠీలో చెప్పి ఉన్నాను.

"విప్పు," అన్నాడు భూమన్నతో. "లోపల ఎంతుందో చూద్దాం. కిరాయి అయితే తెలుస్తుంది, కాకపోయినా తెలుస్తుంది."

"విప్పొద్దు సాహెబ్."

"నీ మంచికే చెబుతున్నాను. లోపల చిల్లర ఉంటే కేసు ఇక్కడే నీ వైపు తేలిపోతుంది. నీ క్లెయిమ్ నీకొస్తుంది."

"తెలుసు సాహెబ్."

"మరి?"

"విప్పితే వాళ్ల మొక్కు చెడుతది. అవి నావి కావు. నేను మోస్తున్న, అంతే."

అతని చెయ్యి ముందుకు రాలేదు. విప్పమనడానికి నాకు నోరు రాలేదు, వద్దనడానికి రేణుక గుర్తొచ్చింది.

జోషి సాహెబ్ ముడుపుల వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. ఆగి, మళ్లీ లెక్కపెట్టాడు.

"ఊరివాళ్లు ఎందరు ఎక్కారు?"

"ముగ్గురు సాహెబ్. సాయవ్వ, పోశెట్టి, ఆయన భార్య."

"ఇక్కడ నాలుగున్నాయి. నాలుగోది ఎవరిది?"

"నా బిడ్డది."

"నీ కూతురు నీకిచ్చిందా?"

భూమన్న ఆశ్చర్యంగా చూశాడు. "ఆమె మొక్కు ఆమెది గదా సాహెబ్."

జోషి సాహెబ్ నూనె మరకలున్న ఆ నేల మీదే చెప్పులు విప్పాడు. ఆయన కులదేవత కూడా మాహూర్ రేణుకే అని నాకు తర్వాత తెలిసింది. కానీ నిర్ణయం దేవతను చూసి తీసుకోలేదు, అది గట్టిగా చెబుతున్నాను. జీపులో తిరిగి వస్తూ నాకు వివరించాడు.

"కూతురి దగ్గర కిరాయి తీసుకునే తండ్రి ఉండడు తాయి. నాలుగు ముడులూ ఒకే గుడ్డ, ఒకే పసుపు, ఒకే చోట. నాలుగోది కిరాయి కానప్పుడు మిగతా మూడూ కావు. విప్పాల్సిన పనే లేదు. అలాగే రాయండి."

నేను ఎన్ని క్లెయిమ్ రిపోర్టులు రాశానో తెలియదు, కానీ ఆ వాక్యాలు మాత్రం రెండుసార్లు సరిచూసుకుని రాశాను. పై ఆఫీసు నుంచి ఒక ప్రశ్న కూడా రాలేదు. క్లెయిమ్ పాసైంది.

మీరు అడిగే ప్రశ్న మీదే మీకు దొరికే జవాబు ఆధారపడుతుంది. మంచి ఇన్వెస్టిగేటరే, మంచి మరాఠీనే, కానీ ఎందుకిచ్చావు అని అడగలేదు. ఎంతిచ్చావు, ఎవరికిచ్చావు అనే ముందు ఎందుకిచ్చావు అని అడగండి. మనుషులు దానికే నిజంగా జవాబు చెబుతారు.

ఐదో సీటు

బాగుపడిన కారు నాందేడ్ వచ్చింది. భూమన్న రేణుకను, సాయవ్వను తీసుకుని మా ఆఫీసు ముందు ఆగాడు. రేణుక అప్పటికే తిరిగి కాలేజీకి వెళుతోంది, పరీక్షలకు నిమ్మళంగా చదువుకుంటోంది. ఇప్పుడు మాహూర్ వెళుతున్నారు, ఆగిపోయిన మొక్కు తీర్చడానికి.

"బోనస్ మల్ల మొదటి నుంచేనా అక్కా?" అన్నాడు ముందు.

"మొదటి నుంచే. క్లెయిమ్ తీసుకుంటే సున్నాకు పోతది."

"పోనియ్యి. మల్ల జమ చేస్త."

పోశెట్టి దంపతులు ఘాట్ అంటే భయపడి బస్సులో ముందే వెళ్లారట. వాళ్ల ముడుపులు మాత్రం కారులోనే ఉన్నాయి. రేణుక ముందు సీటు నుంచి తల బయటపెట్టింది.

"మేడం, రెండు సీట్లు ఖాళీ ఉన్నయి. రారాదుండ్రి."

ఆ రోజు ఆదివారం. పెండింగ్ పని కోసం ఆఫీసుకు వచ్చాను, ఎప్పుడూ వచ్చేదాన్నే. తాళం వేసి కారు దగ్గరికి నడిచాను. వెనక సీట్లో సాయవ్వ పక్కకు జరిగింది. నేను సంచిలోంచి నోట్లు తీసి భూమన్న వైపు చాపాను.

"డీజిల్‌కు ఉంచుండ్రి."

అతను నోట్లను పామును చూసినట్టు చూసి రెండు చేతులూ వెనక్కి తీసుకున్నాడు.

"వద్దు అక్కా! డీజిల్‌కు ఇస్తే కిరాయి అయితది. మీరే గదా జెప్పిన్రు."

రేణుక పగలబడి నవ్వింది. సాయవ్వ కూడా, విరిగి అతుక్కున్న చేతిని ఊపుతూ నవ్వింది. నేనూ నవ్వాను, కానీ మరుక్షణం తెలిసింది, భూమన్న చెయ్యి మళ్లీ ముందుకు చాపి ఉంది. అరచెయ్యి పైకి. అతను దేని కోసమో ఎదురుచూస్తున్నాడు.

నా దగ్గర గుడ్డ లేదు, పసుపు లేదు. రుమాలు మూల చింపాను. సాయవ్వ కొంగు ముడిలోంచి పసుపు తీసి ఇచ్చింది. ఒక నాణెం పెట్టి ముడి వేశాను. ఎలా వేయాలో నాకు తెలియలేదు, సాయవ్వే వేలు పట్టి చూపించింది. కౌంటర్‌లో కూర్చుని ఇన్నేళ్లు నేను చేసింది ఇదే పని కదా అనిపించింది. ఎవరో కట్టి ఇచ్చింది తీసుకుని, మాది కాదని ఎరిగి, చేరాల్సినవాళ్ల దాకా మోయడం. దానికి మేము ప్రీమియం అని పేరు పెట్టాం. భూమన్న దగ్గర దానికి ఇంకో పేరుంది, నాకు అతని పేరే బాగుందనిపించింది.

ముడుపు అతని చేతిలో పెట్టాను. రెండు చేతులతో తీసుకుని, కళ్లకద్దుకుని, అమ్మవారి ముందు మిగతా నాలుగింటి పక్కన పెట్టాడు.

"ఇగ పోనియ్యి బిడ్డా," అంది సాయవ్వ.

కారు కదిలింది. భోకర్ దారిలో మొదటి మలుపు రాగానే డ్యాష్‌బోర్డు మీది ఐదు ముడుపులూ ఒక పక్కకు జరిగి ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. ముందుకు వంగి చూశాను. ఏది నాదో పోల్చుకోలేకపోయాను.